బ్రిటిషు నటుఁడు రే స్టీవెన్సన్: జీవితవిషయ నిర్ణయము

కవుల కాలమును, నివాసమును నిర్ణయించుటలో మన విమర్శకులు పడిన శ్రమ పండితలోకమునకుఁ దెలియనిది కాదు. ఒక గద్యలోని బిరుదమును, ఒక శాసనములోని శకవర్షమును పట్టుకొని యేండ్ల తరబడి వాదములు నడచినవి. ఇంతటి క్లేశము కాలము దూరమగుటచేతనే కలిగినదని తలఁచుట సహజము. కాని నిన్న మొన్న గతించిన మనుష్యుని విషయమునను అట్టి సందేహములే పుట్టుచున్నవి. వాని రూపము చిత్రములలోనున్నది, కంఠస్వరము యంత్రములలోనున్నది, మరణవార్త లోకమంతటను అచ్చుపడినది. అయినను వాని యూరేది, దేశమేది, వయస్సెంత యన్న ప్రశ్నలకు అందఱును ఒక్కమాట చెప్పుట లేదు. సాక్ష్యము సమృద్ధిగా నున్న చోటనే యిట్లున్నచో, సాక్ష్యము కొఱవడిన చోట నెంత జాగరూకత వలయునో తెలియఁగలదు. ఈ యుద్దేశముతోనే తెలుగువారికి పరిచితుఁడైన బ్రిటిషు నటుఁడు రే స్టీవెన్సన్ చరిత్రమును ఇచ్చట విమర్శించుచున్నాను.

ఈతఁడు 2023వ సంవత్సరము మే నెల 21వ తేదిని, ఆదివారమునాఁడు, ఇటలీ దేశమునందలి ఇస్కియా ద్వీపమునఁ గాలధర్మము నొందెను. ఎస్. ఎస్. రాజమౌళిగారి దర్శకత్వమున నిర్మింపఁబడి 2022 మార్చి 25న విడుదలయైన ‘రౌద్రం రణం రుధిరం’ అను తెలుగు చిత్రమున గవర్నరు స్కాట్ బక్స్‌టన్ పాత్రమును ధరించినవాఁడీతఁడే. ఆ చిత్రములోని ‘నాటు నాటు’ అను పాటకు 2023 మార్చి 12న ఆస్కారు బహుమానము వచ్చినది. అది వచ్చిన డెబ్బది దినములకే యీతఁడు గతించెను. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో నా చిత్రమును చూచిన బాలురకు ఈతఁడు స్టీవెన్సనుగాఁ గాక ‘స్కాట్ దొర’గానే గుఱుతు. ఏ బాలుఁడైనను తరగతిలో లేచి, “స్కాట్ దొర నిజముగా మన దేశమును పాలించినాఁడా? చనిపోయినవాఁడు అతఁడేనా?” యని యడిగినచో ఉపాధ్యాయుఁడు చెప్పవలసిన సమాధానము నిర్దుష్టముగా నుండవలదా?

ప్రమాణ విచారము

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మున్నగువానిని ప్రమాణములుగాఁ జెప్పిరి. చరిత్రవిషయమున ప్రత్యక్షము మనకు దొరకదు. మిగిలినవి శబ్దానుమానములు. శబ్దము ప్రమాణము కావలయునన్నచో అది ఆప్తవాక్యము కావలయును. ఆప్తుఁడన నెవఁడు? ఉన్నదానిని ఉన్నట్లెఱిఁగి, ఎఱిఁగినదానిని ఎఱిఁగినట్లు చెప్పువాఁడు. ఈ లక్షణములోని మొదటి భాగమును మనము తఱచుగా మఱచుచుందుము. సత్యసంధుఁడైనంత మాత్రమున ఎవఁడును సర్వవిషయములందును ఆప్తుఁడు కాఁడు. ఏ విషయమును తానెఱుఁగుటకు వీలున్నదో ఆ విషయమునందే వాఁడాప్తుఁడు.

ఉదాహరణమునకు, తన జన్మమునకుఁ దానే సాక్షి యైనవాఁడు లోకమున లేఁడు. పుట్టినదినమును గూర్చి యెవఁడేమి చెప్పినను అది తల్లియో, అవ్వయో, మంత్రసానియో చెప్పఁగా విన్నమాటయే. వారి మాట అప్పుడే వ్రాయఁబడినచో దానికి బలము హెచ్చు. కాని నటవృత్తి నేల యవలంబించితివని యడిగినచో ఆ విషయమున నటుఁడొక్కఁడే యాప్తుఁడు. తల్లియు కాదు, గ్రామాధికారియు కాఁడు. కాఁబట్టి ఒక జీవితచరిత్రమునందలి విషయముల నన్నిఁటిని ఒకే త్రాసున తూఁచరాదు. ప్రతి విషయమునకును “దీనిని తెలిసికొనఁగలిగినవాఁడెవఁడు? వాఁడు చెప్పినదెప్పుడు?” అను రెండు ప్రశ్నలను వేయవలయును. ఈ రెండు ప్రశ్నలతో స్టీవెన్సను చరిత్రమును పరిశీలింతము.

పేరు

ఈతని పూర్తినామము జార్జి రేమండ్ స్టీవెన్సన్. ‘రే’ యనునది రేమండ్ అను రెండవ నామమునకు సంక్షేపము. మొదటినామమగు జార్జి వ్యవహారమున లోపించినది. కావున జార్జి స్టీవెన్సన్ అని యొకచోటను, రే స్టీవెన్సన్ అని మఱియొకచోటను కనఁబడినచో ఇద్దఱు వ్యక్తులని భ్రమింపరాదు. దీనికి విపర్యాసమును కలదు. రే స్టీవెన్సన్ అను పేరుగల బ్రిటిషు ఛాయాచిత్రకారుఁడొకఁడు వేఱుగానున్నాఁడు. పేరొకటియైనంతనే వ్యక్తి యొకఁడని తలఁచుటయు భ్రమయే. వృత్తియు, కాలమును కలిసినప్పుడే నామసామ్యము ఉపయోగించును.

మన నటులలోను ఇట్టి చిక్కు కలదు. సుప్రసిద్ధ నటుఁడు బళ్లారి రాఘవ యన్న పేరు విన్నవారు ఆయన బళ్లారిలో జన్మించెననుకొందురు. ఆయన జన్మించినది 1880 ఆగష్టు 2న తాడిపత్రిలో. ఇంటిపేరును తాడిపత్రివారే. న్యాయవాదిగాను నటుఁడుగాను ప్రసిద్ధి కెక్కినది బళ్లారిలో నగుటచే నా యూరు పేరునకు ముందు నిలిచినది. ఆయన 1946 ఏప్రిల్ 16న గతించునాఁటికి బళ్లారి మద్రాసు రాజధానిలోనిది. 1953లో నది మైసూరు రాష్ట్రమునఁ జేరినది. ఆ పేరును మాత్రము చూచి యాయనను కన్నడనటుఁడనిన యెంత పొరపాటో చెప్పఁబనిలేదు. పేరులోని యూరు నివాసమును తెలుపవచ్చును, కీర్తిని తెలుపవచ్చును. జన్మమును తెలిపితీరవలయునను నియమము లేదు.

జన్మస్థలము, జాతీయత

స్టీవెన్సను 1964 మే 25న ఉత్తర ఐర్లండులోని లిస్బర్న్ అను పట్టణమున జన్మించెను. తండ్రి బ్రిటిషు వైమానికదళమున విమానచోదకుఁడు. తల్లి ఐరిషు స్త్రీ. ముగ్గురన్నదమ్ములలో నీతఁడు రెండవవాఁడు. ఎనిమిదేండ్ల ప్రాయమున కుటుంబముతో ఇంగ్లండునకు వచ్చి న్యూకాజిల్ నగరప్రాంతమునందలి లెమింగ్టనులోను, తరువాత క్రామ్లింగ్టనులోను పెరిగెను. ఈ కొన్ని వాక్యములనుండియే ఈతని గూర్చి మూఁడు మాటలు పుట్టినవి. కొందఱు ఐరిషు నటుఁడనిరి. కొందఱు ఇంగ్లీషు నటుఁడనిరి. కొందఱు బ్రిటిషు నటుఁడనిరి. వీనిలో అసత్యమేది?

విచారింపఁగా, ముగ్గురును మూఁడు వేఱువేఱు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుచున్నారు. పుట్టిన ద్వీపమును బట్టి మొదటిమాట. పెరిగిన సీమను బట్టి రెండవమాట. పుట్టిననాఁడా సీమ యే రాజ్యములోనిదో దానిని బట్టి మూఁడవమాట. ఐర్లండు 1921లో విభజింపఁబడినది. ఉత్తరభాగము బ్రిటిషు సంయుక్తరాజ్యమునందే నిలిచినది. 1998 నాఁటి యొడంబడిక ఉత్తర ఐర్లండు ప్రజలకు తమ్ము ఐరిషువారనియో, బ్రిటిషువారనియో, ఉభయులనియో చెప్పుకొను హక్కు కలదని యంగీకరించినది. కావున ఇచ్చట వివాదము సత్యాసత్యములను గూర్చినది కాదు, పదముల యర్థమును గూర్చినది. “ఉత్తర ఐర్లండులో జన్మించి ఇంగ్లండులో పెరిగిన బ్రిటిషు నటుఁడు” అని వ్రాసినచో మూఁడును సమన్వయపడును. లిస్బర్న్ ‘నగరమున’ జన్మించెనని వ్రాయుటయు సరికాదు. దానికి నగరపదవి లభించినది 2002లో. 1964లో నది పట్టణము మాత్రమే.

ఈ సూక్ష్మము పశ్చిమప్రకాశము వారికి దూరపుమాటగాఁ దోఁచరాదు. 1858లో కర్నూలుజిల్లా యేర్పడినపుడు కంభము, మార్కాపురము తాలూకాలు కడపజిల్లానుండి దానిలోఁ జేరినవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలుజిల్లా యేర్పడినపుడు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలునుండి విడివడి దానిలోఁ జేరినవి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లా యని నామకరణమైనది. గిద్దలూరులో ఒకే యింట తాత 1850లోను, మనుమఁడు 1900లోను, వాని మనుమఁడు 1975లోను పుట్టిరనుకొందము. తాత కడపజిల్లావాఁడు, మనుమఁడు కర్నూలుజిల్లావాఁడు, వాని మనుమఁడు ప్రకాశముజిల్లావాఁడు. ఇల్లు కదలలేదు, కంభము చెఱువు ఉన్నచోటనే యున్నది, సరిహద్దులే కదలినవి. 1900లో పుట్టినవానిని “ప్రకాశముజిల్లాలో జన్మించెను” అని వ్రాసినచో చదువరి కర్నూలుజిల్లా పత్రములను వెదకుట మాని, వానిపేరు లేని పత్రములను వెదకి, చివరకు “ఆధారము దొరకలేదు” అని విరమించును. పొరపాటు వ్రాసినవానిది, నష్టము గతించినవానిది. కావున జన్మస్థలమును చెప్పునపుడు మొదట గ్రామమును, తరువాత నాఁటి తాలూకాను, జిల్లాను చెప్పి, పిమ్మట మాఱిన వ్యవహారమును చేర్చుట మంచిపద్ధతి.

పుట్టిన చోటు వేఱు, స్వగ్రామము వేఱు. తొలికాన్పు పుట్టినింట జరుగుట మన యాచారము. అందుచే మనలో పెక్కుమంది జన్మస్థలము మాతామహుల గ్రామము. స్టీవెన్సను నటించిన చిత్రమునకు కథానాయకులలో నొకఁడుగాఁ గల్పింపఁబడిన అల్లూరి సీతారామరాజే దీనికి నిదర్శనము. ఆయన స్వగ్రామము పశ్చిమగోదావరి సీమలోని మోగల్లు. జన్మించినది మాతామహుల గ్రామమైన విశాఖపట్టణ ప్రాంతపు పాండ్రంగిలో. రెండు గ్రామములవారును “మావాఁడు” అనుకొనుట న్యాయమే. కాని ‘జన్మించెను’ అను క్రియ ఒక్క గ్రామమునకే చెల్లును. లిస్బర్నుకును న్యూకాజిలునకును గల సంబంధమును ఈ దృష్టితోఁ జూచినచో సందేహమే యుండదు.

వయస్సు

మరణకాలమునకు స్టీవెన్సను వయస్సు 58 సంవత్సరములు. 2023లోనుండి 1964ను తీసివేసిన 59 వచ్చును. ఈ తీసివేతయే తప్పులకు మూలము. మే 25న నిండవలసిన యేఁడు మే 21నాఁటికి నిండలేదు. నాలుగు దినములు తక్కువయైనది. కావున నిండినవి 58. అయినను మనవారు “ఏబదితొమ్మిదవ యేఁట గతించెను” అని వ్రాసినచో అదియును సత్యమే. ఏలయన నడుచుచున్న సంవత్సరమును లెక్కించుట మన వాడుక. నిండిన యేండ్లా, నడుచుచున్న యేఁడా యని తెలుపక సంఖ్యను మాత్రము వ్రాయుట వలననే మన పూర్వుల యాయుర్దాయములలో తఱచుగా నొక సంవత్సరము భేదము కనఁబడుచుండును. అట్టి భేదమును చూచినపుడు రెండు ఆధారములలో నొకటి యసత్యమని త్రోసివేయుటకు ముందు రెండును రెండువిధముల లెక్కించినవేమో యని చూడవలయును.

అనుమానప్రమాణ మెట్లుపయోగించునో ఇచ్చటనే చూపవచ్చును. స్టీవెన్సను మరణించినపుడు ఆ తెలుగుచిత్రమును నిర్మించినవారు, ఒక కష్టమైన సాహసఘట్టమును చిత్రించునాఁటికి ఆయన వయస్సు 56 అనియు, అయినను వెనుదీయక నటించెననియు ప్రకటించిరి. 1964 మే 25న జన్మించినవానికి 56 నిండియుండు కాలము 2020 మే 25 మొదలు 2021 మే 24 వఱకు. మహమ్మారిచే 2020 మార్చిలో నిలిచిన చిత్రీకరణము ఆ సంవత్సరము అక్టోబరులో మరల నారంభమై 2021 ఆగష్టునకు ముగిసినది. ఈ రెండింటిని జోడింపఁగా ఆ ఘట్టము 2020 అక్టోబరునకును 2021 మే నెలకును నడుమ చిత్రింపఁబడెనని యూహింపవచ్చును. జన్మదినము ఒకచోటనుండి, వయస్సొకచోటనుండి, చిత్రీకరణకాలము వేఱొకచోటనుండి వచ్చి పరస్పరము విరోధింపకున్నవి. ఇట్టి సంవాదమే విషయమునకు బలము. అయినను ఇది యూహయే. 56 అని చెప్పినవారు జన్మసంవత్సరమునుండి తామే లెక్కించి చెప్పియుండినచో ఇది వేఱు సాక్ష్యము కాక, మొదటిసాక్ష్యమునకు ప్రతిధ్వని మాత్రమగును.

మన సంవత్సరనామములను గూర్చి యొకమాట. 1964 మే నెల క్రోధినామ సంవత్సరములోనిది. “క్రోధిలో పుట్టినాఁడు” అని మాత్రమే యున్నచో 1904-05 కావచ్చును, 1964-65 కావచ్చును, 2024-25 కావచ్చును. అఱువదియేండ్ల చక్రములో నిజమైన యావృత్తమును తెలియుటకు తండ్రి వయస్సో, తోఁబుట్టువుల వయస్సో, ఒక కఱవో, ఒక వరదో తోడు కావలయును. అక్షరస్ఖలనమును గూర్చియు జాగ్రత్త వలయును. అల్లూరి సీతారామరాజు జన్మము 1897 జూలై 4 అనియు, 1898 జూలై 4 అనియు రెండువిధముల వ్రాయఁబడుచున్నది. మొదటిది హేవిళంబి; రెండవది విళంబి. ‘హే’ యను నొక యక్షరము జాఱిన నొక సంవత్సరము ముందునకు జరుగును. ఆ వివాదమునకిదియే కారణమని నేననుట లేదు; ఇట్టి చోట అక్షరమునకెంత బరువున్నదో చూపుచున్నాను. ఆయన నూటయిరువదియైదవ జయంత్యుత్సవము 2022 జూలై 4న భీమవరమున నారంభమై యొకవత్సరము జరిగెను. ఆరంభదినమును చూచిన 1897కును, ముగింపుదినమును చూచిన 1898కును 125 నిండుచున్నవి. ఉత్సవము గౌరవమునకు చిహ్నమే కాని కాలనిర్ణయమునకు ప్రమాణము కాదని దీనివలననే తెలియుచున్నది.

మరణదినము

స్టీవెన్సను మరణించినది ఆదివారము. ఆయన ప్రతినిధులు ప్రకటించినది మఱునాఁడు, సోమవారము, మే 22న. వార్తాపత్రికలలోని తేదిని మరణతేదిగా నెత్తివ్రాసినవారు పొరపడుదురు. వార్త పుట్టినదినము వేఱు, సంగతి జరిగినదినము వేఱు. మరణకారణమును ప్రకటించినవారు వెల్లడింపలేదు. ఎఱిఁగినవారు చెప్పనిదానిని ఎఱుఁగనివారు పూరించుట చరిత్రము కాదు. ఖాళీ యున్నచోట ఖాళీని ఉంచుటయు విమర్శకుని ధర్మమే.

ఈ విషయమున మన సంప్రదాయమునకొక విశేషము కలదు. పాశ్చాత్యులకు దినము అర్ధరాత్రముతో మాఱును. మనకు సూర్యోదయముతో మాఱును. తెల్లవాఱుజామున మూఁడుగంటలకు సంభవించిన మరణము వారి లెక్కకు సోమవారము, మన లెక్కకు ఆదివారము. ఇంగ్లండువారి సమాధిశిలలమీఁద సంవత్సరము తప్పక యుండును. మన యిండ్లలో ఏటేట తద్దినము పెట్టు కుమారుఁడు మాసమును, పక్షమును, తిథిని మఱవఁడు. సంవత్సరమును మాత్రము మఱచిపోవును. కావున మన గ్రామములలో వృద్ధులనడుగునపుడు సంవత్సరమును ముందడుగక తిథిని ముందడుగవలయును. తిథితోపాటు వారమును దొరకినచో పంచాంగములను తిరుగవేసి సంవత్సరమును రాఁబట్టుకొనవచ్చును. మాసపక్షతిథులు స్థిరము, సంవత్సరము సందిగ్ధము: ఇది మన కుటుంబస్మృతి యొక్క స్వభావము. దీనిని తెలియనివాఁడు నిజము చెప్పువారిని తప్పు ప్రశ్న యడిగి తప్పు సమాధానమును పొందును.

నటుఁడు, పాత్రము

బాలుని ప్రశ్నకిపుడు వత్తము. స్కాట్ బక్స్‌టన్ అను గవర్నరు చరిత్రమున లేఁడు. ఆ చిత్రకథ 1920 ప్రాంతమున జరిగినట్లు కల్పింపఁబడినది. ఆ కాలమున రాజప్రతినిధులుగా నుండినవారు 1921 వఱకు చెమ్సుఫర్డు ప్రభువు, తరువాత రీడింగు ప్రభువు. మద్రాసు గవర్నరుగా 1919 మొదలు 1924 వఱకు నుండినవాఁడు విల్లింగ్డన్ ప్రభువు. సీతారామరాజు, కొమురం భీములు చారిత్రకపురుషులైనను వారి స్నేహకథ కల్పితము. అందలి దొరయు కల్పితుఁడే. క్రూరుఁడు పాత్రము. నటునిగూర్చి దర్శకుఁడు రాజమౌళిగారు చెప్పినది, ఆయన చిత్రీకరణస్థలమునకు ఉత్సాహమును తెచ్చువాఁడనియు, ఆయనతోఁ బనిచేయుట యానందదాయకమనియు. కలిసి పనిచేసినవాఁడు కావున ఆ విషయమున నాయన యాప్తుఁడు.

ఈతని రంగచరిత్రమును పరిశీలించిన, బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటకపాఠశాలలో విద్య ముగించునప్పటికి ఈతనికి ఇరువదితొమ్మిదేండ్లు. 2000లో యార్కు నగరపు ప్రధానదేవాలయమున ప్రదర్శింపఁబడిన ప్రాచీన మతనాటకములలో క్రీస్తు పాత్రమును ధరించెను. మన పౌరాణిక నాటకములవలె ఇవియు మధ్యయుగమునుండి జనసామాన్యము నెదుట ఆడఁబడినవి. 2004లో ‘కింగ్ ఆర్థర్’ చిత్రమున డాగొనెట్‌గాను, 2005 మొదలు 2007 వఱకు ‘రోమ్’ అను టెలివిజను కథామాలికలో టైటస్ పుల్లో అను సైనికుఁడుగాను, 2011లో ‘థోర్’ చిత్రమున వోల్‌స్టాగ్‌గాను నటించెను. ‘అసోకా’ అను కథామాలిక 2023 ఆగష్టులో, అనఁగా మరణానంతరము మూఁడుమాసములకు, ప్రదర్శితమైనది. మరణించినవాని నూతననటన యెట్లు వచ్చినదని సందేహింపఁబనిలేదు. నటించినకాలము వేఱు, ప్రదర్శించినకాలము వేఱు. క్రీస్తును ధరించినవాఁడును, క్రూరుఁడైన గవర్నరును ధరించినవాఁడును ఒక్కఁడే. పాత్రమును బట్టి మనుష్యుని నిర్ణయింపఁబూనినవాఁడు ఈ రెంటిలో దేనిని నమ్మును?

స్వవాక్యము, పరవాక్యము

స్టీవెన్సను మొదట గృహాలంకార రచనను వృత్తిగాఁ గొని యుండి, ఇరువదియైదేండ్ల వయస్సున లండనులో జాన్ మాల్కొవిచ్ నటించిన నాటకమును చూచి నటుఁడు కావలయునని నిశ్చయించుకొనెనని తానే చెప్పియున్నాఁడు. ఇది మనస్సులోని సంగతి. దీనికి స్వవాక్యమే ప్రమాణము. కాని స్వవాక్యమును జన్మవిషయమున నట్లే గ్రహింపరాదనుటకు బ్రిటిషు నటి మెర్ల్ ఒబెరాన్ చరిత్రము చాలును. ఆమె ఆస్ట్రేలియా యొద్దనున్న టాస్మేనియాలో పుట్టితినని జీవితమంతయు చెప్పుకొనెను. 1979లో నామె గతించిన తరువాత, 1911లో బొంబాయిలో జన్మించెనని రుజువైనది. భారతీయరక్తము కలదన్న నాఁటి చలనచిత్రలోకమున తావు దొరకదను భయముచే నామె యట్లు చెప్పవలసివచ్చినది. ఆమెను నిందించుటకిది చెప్పుట లేదు. ఆ యబద్ధము నామెచేఁ జెప్పించినది నాఁటి సంఘము. విమర్శకుఁడు తెలిసికొనవలసినదేమన, ఒకమాట చెప్పుటవలన చెప్పినవానికి మేలుగాని కీడుగాని కలుగునపుడు ఆ మాటను వేఱు సాక్ష్యముతో సరిచూడవలయును.

అందఱును చెప్పుచున్నారు కదా యన్న వాదమును ఇచ్చటనే నిలుచును. మరణవార్త వెలువడిన మఱునాఁటికి నూఱుపత్రికలు ఒకే వాక్యమును అచ్చువేసినచో అవి నూఱు సాక్ష్యములు కావు. ఒక తాళపత్రమాతృకనుండి పది ప్రతులు వ్రాయఁబడినపుడు మాతృకలోని తప్పు పదింటను ఉండును. పదిప్రతులలో నున్నదని ఆ పాఠమును స్వీకరించు పరిష్కర్త యుండఁడు. ప్రతులను లెక్కింపక మాతృకలను లెక్కించుట మన పండితులకు పుట్టువిద్య. ఆ విద్యనే వార్తలయందును వినియోగింపవలయును.

పండితులకు విన్నపము

ఐర్లండులో జననమరణములను రాజ్యము తరఫున నమోదుచేయుట 1864లో నారంభమైనది. సరిగా నూఱేండ్లకు స్టీవెన్సను జన్మించెను. మన దేశమున అట్టి నమోదునకు దేశమంతటికిని వర్తించు చట్టము 1969లో నేర్పడినది. అంతకుముందు గ్రామాధికారుల లెక్కలలో దొరకినది దొరకినట్లు. అందుచే మనలో పెక్కుమందికి మొట్టమొదటి లిఖితసాక్ష్యము పాఠశాలలోని ప్రవేశపట్టికయే. ఆ పట్టికలో తేదిని వ్రాసినవాఁడు ఉపాధ్యాయుఁడు. చేర్చుకొనుటకు వయస్సు చాలినట్లు చూపుటకై యుజ్జాయింపుగా నొక తేదిని వేయుట యెంత వాడుకగా నుండెనో వయస్సు మీఱిన ఉపాధ్యాయులెఱుఁగుదురు. ఆనాఁడు కలముతో వేసిన యూహ తరువాత ఉద్యోగమునకు, పింఛనుకు, చివరకు సంస్మరణ సంచికకు ప్రమాణమగుచున్నది. తల్లి చెప్పిన తిథి యెవ్వరికిని పట్టదు.

లిస్బర్నులో పుట్టి ఇస్కియాలో గతించిన నటుని గూర్చి కొన్ని సందేహములున్నను అవి తీఱుటకు సాధనములున్నవి. మార్కాపురము, గిద్దలూరు సీమలలో తిరునాళ్లయందును, జాతరలయందును తెల్లవాఱులు పద్యనాటకములాడిన నటులకు ఆ సాధనములు లేవు. వారిని రంగముపైఁ జూచినవారు వృద్ధులైరి. శ్రీకృష్ణుఁడుగానో, దుర్యోధనుఁడుగానో ఊరివారికి జ్ఞాపకమున్నను, తల్లిదండ్రులు పెట్టిన పేరేది, పుట్టిన గ్రామమేది, గతించిన తిథి యేది యని యడుగువారు లేరు. స్కాట్ దొర పేరు మాటున స్టీవెన్సను మఱుఁగుపడినట్లే వారును పాత్రల మాటున మఱుఁగుపడుచున్నారు.

కావున పాఠశాల పండితులకు నా విన్నపము. మీ గ్రామమునందలి యొక్క నటుని గూర్చి యొక్క పత్రమును వ్రాసియుంచుఁడు. ప్రతి వాక్యమునకును ప్రక్కన, ఇది యెవరు చెప్పినది, వారికెట్లు తెలిసినది, ఏ దినమున నడిగితినని చేర్చుఁడు. ఇద్దఱు రెండువిధములఁ జెప్పిన రెంటిని వ్రాయుఁడు; నచ్చినదానిని మాత్రము నిలిపి రెండవదానిని కొట్టివేయకుఁడు. తెలియనిచోట నూహతో పూరింపకుఁడు. ఇట్లు వ్రాసిన పత్రమునఁ దప్పున్నను రాఁబోవువాఁడు దానిని దిద్దఁగలఁడు; ఎక్కడినుండి వచ్చెనో తెలియని సత్యమును మాత్రము వాఁడు నిలుపుకొనలేఁడు.